గుంత వస్తే ఎగరాలా, తేలాలా? రోడ్ బైకు పంక్చర్ల మీద ఒక పొడుగు జవాబు

అడిగిన సంగతి క్లుప్తంగా: "అన్నా, ఆరు నెలల కింద రోడ్ బైకు కొన్నాను, 25 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు. నా బరువు 78 కిలోలు. నానక్‌రామ్‌గూడ నుంచి బయల్దేరి చేవెళ్ల వైపు వెళ్లొస్తుంటాను. నెలలో మూడు పంక్చర్లు, మూడూ వెనక టైరుకే. షాపులో అడిగితే గాలి 120 పీఎస్ఐ కొట్టమన్నారు, కొట్టినా ఆగలేదు. మా గ్రూపులో ఒకాయన గుంత వస్తే సైకిల్‌ని గాల్లోకి లేపి అవతల దింపుతాడు, ఆయనకు అసలు పంక్చర్లే రావు. అది నేర్చుకుంటే నా బాధ తీరుతుందా? ఫ్రేమ్‌కి ఏమైనా అవుతుందా? ఈ మధ్యే క్లీట్స్ (బూట్లని పెడళ్లకి పట్టించే బిళ్లలు) కూడా మొదలుపెట్టాను."

తమ్ముడూ, నేర్చుకో, మంచిదే. కానీ మీ గ్రూపు ఆయనకు పంక్చర్లు రాకపోవడానికి కారణం ఆ ఎగురుడు కాదని నా అనుమానం. ఒక రైడ్‌లో ఆయన ఎన్నిసార్లు ఎగురుతాడో ఈసారి లెక్కపెట్టు. మూడో నాలుగో ఉంటాయి. దారిలో గుంతలు మాత్రం మూడు నాలుగొందలు ఉంటాయి. మిగతావాటి దగ్గర ఆయన చేసే పని వెనక నుంచి చూసేవాళ్లకు పెద్దగా కనపడదు: గుంత రాబోతుండగా తొక్కడం ఆపి, సీటు మీంచి ఒక అంగుళం లేస్తాడు. అంతే. ఆ అంగుళమే ఆయన ట్యూబుల ఖర్చు మిగులుస్తోంది. అందుకే ఎగరడం గురించి చెప్పే ముందు నీ పంక్చర్ల గురించి రెండు ముక్కలు, ఆ తర్వాత ఆ అంగుళం గురించి, చివరికి ఎగురుడు.

ముందు, పంక్చరైన ట్యూబులు ఉన్నాయా, పారేశావా? ఉంటే కాస్త గాలి కొట్టి బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడు. పక్కపక్కనే రెండు చిన్న చీలికలు, పాము కరిచినట్టు ఉంటే, గుంత అంచుకో రాయికో గుద్దుకుని టైరు పూర్తిగా అణిగి, ట్యూబు రిమ్ముకీ ఆ అంచుకీ మధ్య నలిగిందన్నమాట. అందుకే దాన్ని స్నేక్ బైట్ అంటారు. ట్యూబుకి బయటివైపు, అంటే రోడ్డు వైపు, ఒకటే సూది బెజ్జం ఉంటే ముల్లో తీగో గాజో. లోపలివైపు, రిమ్ము వైపు, బెజ్జం ఉంటే రోడ్డు తప్పేం లేదు, స్పోకు రంధ్రాలు కప్పే రిమ్ టేపు పక్కకి జరిగి స్పోకు రంధ్రం అంచు కోస్తోంది. వాల్వు మొదట్లో చిరిగితే పంపు కొట్టేటప్పుడు వాల్వుని అటూ ఇటూ ఊపుతున్నావని. ఈ నాలుగింటికీ నాలుగు వేరే మందులు. గుంతల మీంచి ఎగరడం మొదటిదానికి తప్ప మిగతా మూడింటికీ పనికిరాదు. ముల్లు మీంచి ఎవడూ ఎగరలేడు, అసలు కనిపిస్తే కదా.

ఇంకో చిన్న అలవాటు చేసుకో: టైరు ఎక్కించేటప్పుడు దాని మీద కంపెనీ పేరు సరిగ్గా వాల్వు దగ్గరికి వచ్చేలా పెట్టు. స్టైల్ కోసం కాదు. ట్యూబులో బెజ్జం వాల్వు నుంచి ఇంత దూరంలో ఉందని తెలిస్తే, టైరులో కూడా అంతే దూరంలో వెతకొచ్చు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఒకసారి చేవెళ్ల దారిలో మర్రిచెట్ల కింద కూర్చుని ఒకే పొద్దున మూడు ట్యూబులు మార్చాను. మూడూ వెనకే. నాదగ్గర ఉన్న రెండూ, పక్కవాడిది ఇంకోటి. ప్రతిసారీ టైరు లోపల వేలితో తడిమాను, ఏమీ తగల్లేదు. మూడోసారి చేతిరుమాలు గుండ్రంగా చుట్టి టైరు లోపలంతా తుడుచుకుంటూ పోతే ఒక చోట దారం పట్టుకుంది. చూస్తే కనురెప్ప వెంట్రుకంత సన్నటి ఇనుప తీగ. మామూలుగా అయితే లోపలికి పొడుచుకు రాదు, మనిషి కూర్చుని టైరు అణిగినప్పుడు మాత్రమే తల బయట పెడుతుంది. లారీ టైర్లు పేలినప్పుడు హైవే పక్కన పడి ఉండే నల్లటి రబ్బరు పీలికలు చూసి ఉంటావు, వాటి లోపల ఉక్కు తీగలు ఉంటాయి, ఎండకి రబ్బరు ఊడి ఆ తీగలు ముక్కలై రోడ్డు మీద పడి ఉంటాయి. చివరికి నెయిల్ కట్టర్‌తో కొరికి పట్టి లాగాను. ఇప్పటికీ సీటు కింద సంచిలో ఒక నెయిల్ కట్టర్ ఉంటుంది. నీ మూడు పంక్చర్లూ వెనకే అన్నావు కాబట్టి మొదట అనుమానించాల్సింది ఇదే: మూడు పంక్చర్లు కాదేమో, ఒకే తీగ మూడుసార్లు పొడిచిందేమో.

అలా కాకపోయినా వెనక టైరుకే ఎక్కువ రావడం మామూలే. బరువులో సగానికి పైగా వెనకే పడుతుంది. నువ్వూ సైకిలూ కలిపి 87 అనుకుంటే దాదాపు 50 కిలోలు వెనక టైరు మీదే.

ఇప్పుడు గాలి సంగతి. 120 అన్నది పాత కాలపు లెక్క, 23 టైర్ల రోజుల్లోది. గాలి ఎక్కువైతే స్నేక్ బైట్ తగ్గేమాట నిజం, కానీ ముల్లుకీ తీగకీ 120 అయినా 80 అయినా ఒకటే. పైగా రాయిలా గట్టిపడ్డ టైరు మన రోడ్ల మీద ఎగిరెగిరి పడుతుంది, పట్టు తగ్గుతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. నీ బరువుకి, 25 టైరుకి, ట్యూబుతో అయితే నేను వెనక 90, ముందు 82 దగ్గర మొదలుపెడతాను. ఒక వారం తొక్కి చూసి రెండు మూడు అటూ ఇటూ మార్చుకో. టైరు పక్కన అచ్చేసిన గరిష్ఠం దాటొద్దు. రిమ్ము హుక్‌లెస్ రకమైతే, అంటే టైరు అంచుని పట్టుకునే కొక్కెం లేనిదైతే, ఈ లెక్కలేవీ పెట్టుకోకు, వాటికి 72.5 పీఎస్ఐ దాటకూడదన్నది నియమం, 25 టైరు అసలు ఆ రిమ్ముకి ఒప్పుతుందో లేదో ముందు చూసుకో. ఫ్రేమ్‌లో చోటుంటే తర్వాతిసారి 28 వేయించు, 75 దగ్గర హాయిగా నడుస్తుంది. ఎగురుడు నేర్చుకోవడం కంటే ఈ మూడు మిల్లీమీటర్లు ఎక్కువ మేలు చేస్తాయి, నిజం చెప్తున్నా.

బొటనవేలితో నొక్కి చూసి "ఉంది గాలి" అనుకోవడం మానెయ్. సన్నటి టైరులో 60 ఉన్నా 90 ఉన్నా వేలికి ఒకేలా తగులుతుంది. సన్న ట్యూబు రోజుకి కొంచెం కొంచెం గాలి వదులుతూనే ఉంటుంది, ఆదివారం కొట్టింది వచ్చే ఆదివారానికి ఉండదు. గేజి ఉన్న ఫ్లోర్ పంపు ఇంట్లో పెట్టుకో, బయల్దేరే ముందు ప్రతిసారీ చూడు. నేను చూసినంతవరకు కొత్తవాళ్ల స్నేక్ బైట్లలో ఎక్కువ భాగం శనివారం గాలితో బుధవారం బయల్దేరినవే.

సరే, ఆ అంగుళం.

ఆర్టీసీ బస్సులో వెనక సీట్లో రోజూ వెళ్లేవాళ్లని గమనించు. స్పీడ్ బ్రేకర్ రాబోతుందని తెలియగానే ముందు సీటు కమ్మీ పట్టుకుని పిర్రలు కాస్త లేపుతారు. బస్సు ఎగురుతుంది, వాళ్లు అక్కడే ఉంటారు. కొత్తవాడు మాత్రం తల పైకప్పుకి కొట్టుకుంటాడు. సైకిల్ మీదా అదే కథ. సీటు మీద బస్తాలా కూర్చుంటే నీ 78 కిలోలూ ఆ దెబ్బలో భాగమే, అదంతా ఒక అంగుళం వెడల్పు టైరు మోయాలి. లేస్తే చక్రం మీద పడేది ఎనిమిది తొమ్మిది కిలోల సైకిలే, నీ బరువు మోకాళ్ల మీదుగా మెల్లగా దిగుతుంది.

చేయాల్సిందిదీ: తొక్కడం ఆపు. రెండు పెడళ్లూ నేలకు సమాంతరంగా, ఒకటి ముందు ఒకటి వెనక. సీటు మీంచి లే, మోకాళ్లూ మోచేతులూ వంచి ఉంచు, హ్యాండిల్‌ని పిసకొద్దు. ముందు చక్రం గుంత అంచుకి చేరేముందు బరువు కొద్దిగా వెనక్కి తీసి, హ్యాండిల్ మీద భారం వదిలెయ్. ముందు చక్రం దాటగానే బరువు ముందుకి తెచ్చి, మోకాళ్లు ఇంకా వంచి, సీటు నీ వైపుకి లేచి రానివ్వు. గంటకు 30 వేగంలో ముందు చక్రం తర్వాత వెనక చక్రం అదే చోటికి రావడానికి సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది, అంటే ఆలోచించి చేసే టైమ్ ఉండదు, ఒంటికి అలవాటు కావాలి. అందరూ ముందు చక్రం దాటగానే హమ్మయ్య అనుకుని కూర్చుండిపోతారు. వెనక టైరు పోయేది అక్కడే. నీ మూడింటిలో ఒకటైనా అలా పోయిందే అయ్యుంటుంది.

చాలా గుంతలకి ఇది చాలు. గుంతే కాదు, డ్రైనేజీ మూతలకీ, వంతెనల మీద ఇనుప జాయింట్లకీ, ఊళ్ల ముందు వేసే తెల్లగీతల రంబుల్ స్ట్రిప్పులకీ ఇదే. వరసగా ఆరు గీతలున్నచోట ఆరుసార్లు ఎగురుతావా?

ఇక ఎగురుడు. దీన్ని బన్నీ హాప్ అంటారు, కుందేలు గెంతు. రెండు రకాలు. మొదటిది, రెండు చక్రాలూ ఒకేసారి లేవడం. కిందికి కుంగి, స్ప్రింగులా పైకి లేచి, ఒళ్లు పైకి వెళ్తుండగా చేతులతో హ్యాండిల్‌నీ, క్లీట్స్‌తో పెడళ్లనీ నీతోపాటు పైకి లాక్కోవడం. క్లీట్స్ ఉన్నవాళ్లకు ఇది పది నిమిషాల్లో వచ్చేస్తుంది. రెండోది, ముందు చక్రం ముందు, వెనక చక్రం తర్వాత. కుంగి, పిర్రలు వెనక్కి తోసి ముందు చక్రం లేపి, ఆ వెంటనే నిటారుగా లేచి హ్యాండిల్‌ని ముందుకి నెడుతూ, కాలి మునివేళ్లు కిందికి వంచి పెడళ్లని వెనక్కీ పైకీ ఊడ్చినట్టు లాగితే వెనక చక్రం దానంతటదే వస్తుంది. ఇది మామూలు పెడళ్లతో కూడా అవుతుంది, అలాగే నేర్చుకోవాలి కూడా. రావడానికి వారాలు పడుతుంది.

ఈ రెండిటికీ తేడా ఒకటుంది, అది తెలియక చాలామంది వెనక టైరు పగలగొట్టుకుంటారు. మొదటి రకంలో రెండు చక్రాలూ కలిసి లేచి కలిసి దిగుతాయి కదా, వాటి మధ్య దూరం దాదాపు ఒక మీటరు. అంటే నువ్వు గాల్లో వెళ్లే దూరంలోంచి మీటరు తీసేస్తే మిగిలిందే నువ్వు దాటగలిగే గుంత. లెక్క చూడు: చక్రాలు నేల నుంచి 5 సెంటీమీటర్లు లేచాయనుకో, పైకి వెళ్లి కిందికి రావడానికి సెకనులో ఐదో వంతు. గంటకు 30లో ఉంటే ఆ లోపు మీటరూ అరవై ఐదు సెంటీమీటర్ల పైన వెళ్తావు, మీటరు తీసేస్తే అరవై ఐదు సెంటీమీటర్ల గుంత దాటావు. బాగుంది. అదే 15 వేగంలో గాల్లో వెళ్లేదే మీటరు లోపు, అంటే ముందు చక్రం దాటినా వెనకది గుంతకి ఇవతలే దిగి ఖాయంగా అందులోకి పోతుంది. కొత్తవాళ్లు భయపడి గుంత ముందు బ్రేక్ వేసి అప్పుడు ఎగురుతారు. అంతకంటే ఎగరకపోవడం నయం. నెమ్మదిగా ఉంటే రెండో రకం గెంతు, లేదా ఆ అంగుళం. వేగంలో ఉంటే మొదటి రకం.

పైపు, తాడు, చెట్టుకొమ్మ లాంటివైతే పొడవు సమస్య కాదు, ఎత్తే సమస్య. అక్కడా వెనక చక్రమే ముంచేది. నేను మొదట్లో శంకర్‌పల్లి వైపు ఒక ఊరు దాటాక రోడ్డుకి అడ్డంగా పొలానికి వేసిన నీళ్ల పైపు మీంచి దూకాను. సాయంత్రం, ఎదురెండ. చేతులతో హ్యాండిల్ గట్టిగా లాగాను, ముందు చక్రం గొప్పగా లేచింది, కాళ్లు లాగడం మర్చిపోయాను. వెనక రిమ్ము పైపు మీద దబ్బున పడింది. ట్యూబుకి రెండు చీలికలు, రిమ్ముకి ఒక సొట్ట. పైపుకి ఏమీ కాలేదు. గట్టు మీద కూర్చున్న పెద్దాయన "దిగి నడిపిస్తే ఏం పోయేది బిడ్డా?" అన్నాడు. నిజంగా ఏమీ పోయేది కాదు.

సాధన ఎక్కడ చేయాలంటే, ఆదివారం పొద్దున ఖాళీగా ఉండే ఏదైనా పార్కింగ్ స్థలం. 2023 అక్టోబరులో తెరిచిన ఆ సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ నీకు దగ్గరే కదా, తెరిచినప్పుడు 23 కిలోమీటర్లు, మెత్తగా ఉంటుంది, అక్కడే చేద్దామనిపిస్తుంది. వద్దు. వెనక పిల్లలు వస్తుంటారు. ముందు మామూలు పెడళ్లు, బూట్లతో మొదలుపెట్టు. ముగ్గుపిండితో నేలమీద ఒక గీత గియ్యి. దాన్ని తొక్కకుండా దాటు. పదిసార్లలో ఎనిమిదిసార్లు దాటితే రెండు గీతలు, అడుగు దూరంలో. వెనక చక్రం పిండి తొక్కిందో లేదో టైరే చెప్తుంది, ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ తర్వాత మడిచిన తువ్వాలు, ఆ తర్వాత ఖాళీ లీటరు నీళ్ల సీసా అడ్డంగా. సీసా ఎనిమిది సెంటీమీటర్ల లావు ఉంటుంది, తగిలితే నలుగుతుంది తప్ప నిన్ను పడెయ్యదు. ఇటుక పెట్టొద్దు. "ఇటుక పెడితే భయంతో బాగా ఎగురుతాం" అని చెప్పే మహానుభావులు ఉంటారు, వాళ్ల మోచేతులు చూడు.

క్లీట్స్‌తో చేసేటప్పుడు ఒక జాగ్రత్త. పైకి లాగే ఊపులో మడమ బయటికి తిరిగితే క్లీట్ ఊడిపోతుంది, ఒక కాలు గాల్లో, ఒక కాలు పెడల్‌లో, అప్పుడు సీటు మీద ఎక్కడ పడతామో చెప్పలేను, ఇది అందరూ చదువుతారు. మడమలు నేరుగా ఉంచి లాగు. అరిగిన క్లీట్స్‌తో, బాగా వదులుగా పెట్టిన స్ప్రింగుతో ఎగరకు.

దిగేటప్పుడు ముందు చక్రం నేరుగా ఉండాలి, ఇది మాత్రం ప్రాణం మీది మాట. గాల్లో హ్యాండిల్ కాస్త తిరిగినా తెలియదు, నేల తాకగానే తెలుస్తుంది. రెండు చక్రాలూ కలిసి, లేదా వెనకది ఒక పిసరు ముందు దిగాలి. మోకాళ్లు వంగి దిగాలి. కర్రలా దిగితే గుంత తప్పించుకున్న దెబ్బ దిగుడులో తింటావు. వేళ్లు బ్రేకుల మీద ఉండొచ్చు కానీ నొక్కి ఉండకూడదు. చూపు గుంత మీద కాదు, దిగబోయే చోట. గుంతనే చూస్తూ పోతే గుంతలోకే పోతాం, ఇది స్కూటీ నేర్చుకున్న ప్రతివాళ్లకీ తెలుసు.

ఎప్పుడు ఎగరకూడదో కూడా వినుకో. తడి రోడ్డు మీద వద్దు. వంపులో వద్దు, ఒరిగి ఉన్న సైకిల్ ఒరిగే దిగుతుంది. రాత్రి లైటు వెలుగులో గుంత లోతు తెలియదు, అవతలి అంచు ఎక్కడుందో అసలే తెలియదు. నీళ్లు నిండిన గుంతా అంతే. పక్కన లారీ ఉంటే వద్దు. స్పీడ్ బ్రేకర్ మీంచి ఎగరడం దండగ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ప్రకారం దాని ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, అలా కట్టి ఉంటే ఎగరక్కర్లేదు, అలలా దాటిపోవచ్చు. మన కాలనీల్లో కట్టేవి గోడ పడుకోబెట్టినట్టుంటాయి, వాటికి వేగం తగ్గించి ఆ అంగుళం లేవడమే మార్గం. రైలు పట్టాలకి ఎత్తు కంటే కోణం ముఖ్యం. పట్టా, రోడ్డు ఏటవాలుగా కలిసేచోట ముందే కాస్త పక్కకి తిరిగి, పట్టాని సరిగ్గా అడ్డంగా దాటాలి, లేకపోతే సన్న టైరు సందులో ఇరుక్కుంటుంది. వానలో అయితే దిగి నడిపించు.

గ్రూపులో మాత్రం అసలు వద్దు, ముఖ్యంగా ముందున్నవాడు. ఇది నేను చేసిన తప్పే. వికారాబాద్ దారిలో నేను ముందు, నా చక్రం వెనకే అరమీటరు దూరంలో ఒక మిత్రుడు. గుంత కనిపించింది, అరవలేదు, చెయ్యి చూపలేదు, ఠపీమని ఎగిరాను. నాకు చాలా నచ్చింది ఆ ఎగురుడు. వెనక శబ్దం విన్నాక తిరిగి చూస్తే అతను రోడ్డు పక్కన మట్టిలో ఉన్నాడు. మోచేయి నుంచి మణికట్టు దాకా గీరుకుపోయింది, ముందు చక్రం వంకర. నేను అడ్డుగా ఉన్నాను కాబట్టి అతనికి గుంత కనపడే అవకాశమే లేదు, నేను గాల్లోకి లేచాకే కనపడింది. అతను నన్నేమీ అనలేదు, తర్వాత కొన్నాళ్లు నా వెనక మాత్రం తొక్కలేదు. ముందున్నవాడి పని ఎగరడం కాదు, "గుంతా!" అని అరిచి, చెయ్యి కిందికి చూపి, మెల్లగా పక్కకి తీసుకెళ్లడం. మీ గ్రూపు ఆయన ఎప్పుడు ఎగురుతాడో చూడు, చివర ఉన్నప్పుడో ఒంటరిగా ఉన్నప్పుడో అయితే ఆయన పెద్దమనిషి.

కోతల కాలంలో ఇంకోటి ఉంటుంది మన దగ్గర. రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. చీకటిపడ్డాక వడ్లు ఎత్తేసుకుని వెళ్తారు, రాళ్లు ఒక్కోసారి అక్కడే ఉండిపోతాయి. తలకాయంత రాయి మీంచి గెంతుదామని ఎవరికైనా అనిపిస్తే వాళ్లిష్టం. నేను మాత్రం నవంబరులో, ఏప్రిల్, మే నెలల్లో ఊళ్ల రోడ్ల మీద చీకట్లో తొక్కడమే తగ్గించుకున్నాను.

ఫ్రేమ్ సంగతి అడిగావు. చాలా కంపెనీల మాన్యువల్స్‌లో రోడ్ బైకుని కండిషన్ 1 అనే వర్గంలో పెడతారు, దాని అర్థం ఏమిటంటే మామూలు తారు రోడ్డు మీద, చక్రాలు నేల వదలకుండా తొక్కడానికి తయారుచేసింది అని. నీ మాన్యువల్ తీసి చూడు, ఉంటుంది. అంటే ఎగిరి ఫ్రేమ్ పగిలితే వారంటీ అడిగే హక్కు గట్టిగా ఉండదు. నిజంగా పగులుతుందా అంటే, పది సెంటీమీటర్ల గెంతు నుంచి మెత్తగా దిగితే ఫ్రేమ్‌కి ఏమీ కావడం నేను చూడలేదు. గుంత అంచుకి కూర్చుని గుద్దుకునే దెబ్బ దానికంటే పెద్దది. ముందు పోయేది ట్యూబు, తర్వాత రిమ్ము, తర్వాత స్పోకుల బిగువు. కార్బన్ రిమ్ములైతే నేను సాధన చేయను, ఎందుకంటే అల్యూమినియం వంగి చెప్తుంది, కార్బన్ చెప్పకుండా చీలుతుంది. సాధన మొదలుపెట్టాక నెలకోసారి చక్రం తిప్పి బ్రేకు దగ్గర ఊగుతుందేమో చూసుకో.

ముళ్ల సంగతి త్వరగా ముగిస్తాను. రోడ్డు ఎడమ అంచు పట్టుకుని తొక్కుతున్నావా? గాజు, తీగ, కంకర అన్నీ కార్ల గాలికి అక్కడికే చేరతాయి. కార్ల ఎడమ చక్రం నడిచే గీతలో తొక్కు, అక్కడ శుభ్రంగా ఉంటుంది, నువ్వు కూడా బాగా కనపడతావు. మట్టిలోకి దింపినప్పుడు జాగ్రత్త, పల్లేరు కాయలు ఉంటాయి. చెప్పుల్లేకుండా పొలంలో నడిచినవాళ్లకి వాటి గురించి చెప్పక్కర్లేదు. ఆ కాయ ఎలా పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది, అమెరికాలో సైకిల్ వాళ్లు కూడా ఇదే మొక్కని తిట్టుకుంటారు. సర్కారు తుమ్మ కొట్టి రోడ్డు పక్కన పడేసిన చోటా అంతే. వాన పడ్డాక పంక్చర్లు పెరుగుతాయి, తడి రబ్బరులోకి గాజు సులువుగా దిగుతుంది. వారానికోసారి టైరు చుట్టూ చూసి, ఇరుక్కున్న గాజు పలుకుల్ని సూదితో తీసెయ్. లోపలికి దిగడానికి వాటికి ఒక్కోసారి వందల కిలోమీటర్లు పడుతుంది, నీకు వారం టైమ్ ఉంటుంది. తొక్కుతూ వెనక టైరుని చేత్తో తుడిచేవాళ్లని చూసి నేర్చుకోకు, వేళ్లు ఫ్రేమ్‌కీ టైరుకీ మధ్య ఇరుక్కుంటాయి.

ట్యూబులెస్ గురించి ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి నేనే చెప్తాను: స్నేక్ బైట్ దాదాపు ఉండదు, నలగడానికి ట్యూబే లేదు, చిన్న ముల్లు బెజ్జాన్ని లోపలి ద్రవం మూసేస్తుంది. కానీ మన ఎండలకి ఆ ద్రవం తొందరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి చూసి పోసుకోవాలి. ఓపిక ఉంటే వెళ్లు. నాకు లేదు.

సంచిలో రెండు ట్యూబులు, టైరు ఊడదీసే లివర్లు రెండు, ప్యాచీలు, చిన్న పంపు, పాత టైరు ముక్క ఒకటి పెట్టుకో. టైరు చీలితే లోపల ఆ ముక్క అడ్డం పెట్టి ఇంటికి రావచ్చు, లేకపోతే చీలికలోంచి ట్యూబు బుడగలా బయటికి వచ్చి పేలుతుంది. సన్న వాల్వుకి తగిలించే ఇత్తడి అడాప్టర్ కూడా కొను, వేలి గోరంత ఉంటుంది. ఊళ్లో పంక్చర్ షాపాయనకి ఎంత మంచి మనసున్నా ఆయన నాజిల్ మన వాల్వుకి పట్టదు. అది ఉంటే పడుతుంది, అయితే గాలి కొద్దికొద్దిగా పెట్టమని చెప్పు. లారీ టైర్లకి కొట్టే కంప్రెసర్‌కి మన ట్యూబు ఒక గుక్క.

ఇక నువ్వు చేయాల్సింది, ఆ మూడు ట్యూబులూ నీళ్లలో ముంచి బెజ్జాలు రోడ్డు వైపున్నాయా, రిమ్ము వైపున్నాయా, వాల్వు నుంచి ఎన్ని అంగుళాల్లో ఉన్నాయో కొలిచి ఇక్కడ రాయి. వీలైతే ఫోటో పెట్టు. మూడూ ఒకే దూరంలో ఉంటే ఇదంతా పక్కన పెట్టి ముందు చేతిరుమాలు తియ్యి.